తుప్పు, బొక్కలు, సొట్టలు: పాత కారు బాడీకి ఫైబర్ వేయించాలా, వెల్డింగ్ చేయించాలా?

అనంతపురం నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నగారి 1999 మోడల్ మారుతి 800 ఆయన చేతికి వచ్చింది. రెండు పక్కలా ఉండే బీడింగ్ పట్టీలు, డిక్కీ మీది అక్షరాలు తీసేసి, బాడీ అంతా నున్నగా చేయించి ఒకే రంగు కొట్టించాలని కోరిక. తీసి చూస్తే పదిహేను దాకా చిన్న బొక్కలు బయటపడ్డాయి. వెనక కుడి చక్రం పైన అరచేయంత తుప్పు, ఎడమ డోరు మీద పెద్ద సొట్ట కూడా ఉన్నాయి. ఒక మేస్త్రీ ఫైబర్ వేసి, అంటే గాజు పోగుల మ్యాట్‌ను రెసిన్ అనే జిగురుతో రేకుకు అంటించి, పుట్టీ పెడితే అద్దంలా వస్తుందన్నాడట. ఇంకో మేస్త్రీ వెల్డింగ్ తప్ప దారి లేదన్నాడట. వెల్డింగ్ చేస్తే రేకు అలలు తేలుతుందని ఇంకెవరో భయపెట్టారు. ఎవరి మాట వినాలో తేలక టెన్షన్ పడుతున్నారు.

సూటిగా చెబుతాను. రేకు తెగినా, తుప్పు తిని బొక్క పడినా వెల్డింగే. రేకు బాగుండి సొట్ట మాత్రమే పడితే ఫైబరూ వద్దు, వెల్డింగూ వద్దు. సుత్తితో, రేకు వెనక ఆనించే డోలీ అనే ఇనుప దిమ్మెతో లేపి పైన పలచగా పుట్టీ పెడితే చాలు. అంటే మీ బండికి బీడింగ్ బొక్కలు వెల్డింగుతో మూయాలి, చక్రం పైన తుప్పు రేకు కోసేసి కొత్త రేకు అతకాలి, డోరు కొట్టి సరిచేయాలి. మీరు చెప్పినదాన్ని బట్టి ఫైబర్‌గ్లాస్ అవసరం మీ కారులో ఎక్కడా కనిపించడం లేదు.

నేను కర్నూలులో ముప్పై ఏళ్లకు పైగా టింకరింగ్, అంటే బండి బాడీ రేకు పనిలో ఉన్నాను. ఫైబర్ పని తెలియక వద్దంటున్నానని అనుకోకండి. మొదటి పదేళ్లలో చాలా బండ్లకు నా చేత్తోనే వేశాను. ఒక పూటలో పని అయిపోయేది, ఖర్చు సగం అయ్యేది, ఓనరు సంతోషంగా బండి తీసుకుపోయేవాడు. రెండు మూడు వానాకాలాలు గడిచాక అవే బండ్లు మళ్లీ నా షెడ్డు ముందుకు వచ్చేవి. పైన అంటించిన ఫైబర్ పెచ్చును స్క్రూడ్రైవర్‌తో కొంచెం లేపితే మొత్తం ఊడొచ్చేది. దాని కింద రేకు వేయించిన అప్పడంలా నలిగిపోయేది. అవి చూసి చూసి పద్ధతి మార్చుకున్నాను.

తుప్పు బొక్కను చూసిన చాలామంది అది బయట మొదలై లోపలికి పోయిందనుకుంటారు. ఎక్కువసార్లు జరిగేది దానికి తిరుగు. వెనక చక్రం పైన బయటి రేకు, లోపలి రేకు అని రెండు పొరలుంటాయి. రెండూ అంచు దగ్గర కలుస్తాయి. చక్రం విసిరిన మట్టి ఆ సందులో చేరి తడిని పట్టుకుని కూర్చుంటుంది. తుప్పు అక్కడ పుట్టి, రంగు కింద బుడగలాగా మనకు కనబడేసరికి లోపల చాలా దూరం పాకి ఉంటుంది. మీకు ఇప్పుడు అరచేయంత కనబడుతోందంటే, గ్రైండర్ పెట్టి రంగు తీశాక రెండు అరచేతులంత తేలుతుందనే లెక్కతో ఉండండి. దాని మీద ఫైబర్ వేస్తే బయటి ముఖం మూసుకుంటుంది, వెనక తడి మాత్రం అట్లాగే ఉంటుంది. రెసిన్ పట్టుకునేది శుభ్రమైన రేకునే, తుప్పును కాదు. పట్టు దొరికిన ఆ శుభ్రమైన అంచును కూడా వెనక నుంచి తుప్పు తింటూ వస్తే, ఫైబర్‌కు అంటుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే నేను ఏ బండి వచ్చినా ముందు బయటి ముఖం చూడను. లోపలి ట్రిమ్ విప్పించి, టార్చి వేసి రేకు వెనక చూస్తాను. ఏ పని చేయాలో అక్కడే తేలిపోతుంది.

"మన సీమలో వానలెక్కడివి, తుప్పెందుకొస్తుంది?" అని నన్ను చాలామంది అడుగుతారు. బండికి తడి వాన నుంచే రావాలని లేదు. డోర్ల అడుగున, డోర్ల కింద పొడవునా ఉండే రేకు పెట్టె (రన్నింగ్ బోర్డు) కింద నీళ్లు పోవడానికి కంపెనీవాళ్లు చిన్న రంధ్రాలు పెడతారు. మన ఎర్రమట్టి దుమ్ము, నల్లరేగడి మట్టి వాటిని సిమెంటు పూసినట్టు మూసేస్తాయి. ఆ తర్వాత వారం వారం బోరు నీళ్లతో కడిగిన ప్రతిసారీ కొంత నీరు లోపలే నిలుస్తుంది. ఏసీ నీళ్లు పోయే పైపు మూసుకుపోతే మ్యాట్ కింద తడి నెలలపాటు ఆరదు. ఆరు నెలలకొకసారి ఒక సన్నని తీగతో ఆ రంధ్రాలు పొడుచుకుంటే చాలా బండ్లకు నా అవసరమే రాదు.

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు ఊరు మునిగింది గదా. ఆ తర్వాత కొన్ని నెలలు మాకు వేరే పని లేదు. అన్నీ నీళ్లలో నానిన బండ్లే. అందులో రెండు మారుతి 800ల సంగతి నాకు బాగా గుర్తు. రెండూ దాదాపు ఒకే వయసువి. మొదటి ఓనరుకు డబ్బుకు ఇబ్బంది. రన్నింగ్ బోర్డు కింద బొక్కలకు ఇంకోచోట ఫైబర్ వేయించుకుని, పైన నల్లని అండర్ కోటింగ్ కొట్టించుకున్నారు. చూడటానికి శుభ్రంగా ఉండింది. రెండేళ్ల తర్వాత పంక్చరైతే జాకీ పెట్టారు. బండి లేవలేదు, జాకీయే రన్నింగ్ బోర్డులోకి దిగబడిపోయింది. నా దగ్గరికి తెచ్చినప్పుడు కోసి చూస్తే, లోపల వరద తెచ్చిన ఒండ్రు మట్టి గట్టిపడి అట్లాగే ఉంది. రెండో బండి ఒక టీచరు గారిది. దానికి రన్నింగ్ బోర్డు అడుగు రేకు కోసి, లోపలి మట్టంతా నీళ్లు కొట్టి కడిగి, ఎండలో మూడు రోజులు ఆరబెట్టి, కొత్త రేకు వెల్డు చేశాము. ఖర్చు రెండింతలు దాటింది. ఆ బండి పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు కూడా పోయి వచ్చింది.

ఇంకో కారణం ఎండ. ఇనుము, ఫైబర్ ఎండకు ఒకే తీరుగా సాగవు. మీటరు పొడవున్న ఉక్కు రేకు 40 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. మ్యాట్, పాలిస్టర్ రెసిన్ కలిపి వేసిన ఫైబర్ దానికి రెండింతలో, ఇంకొంచెం ఎక్కువో సాగుతుంది. మే నెలలో మన దగ్గర ముదురు రంగు బానెట్ మీద చేయి పెట్టి చూడండి, ఒక్క క్షణం ఉంచలేరు. రాత్రికి చల్లబడుతుంది, పొద్దునకు మళ్లీ కాలుతుంది. రోజూ ఈ సాగుడు, ముడుచుకోవడం జరుగుతుంటే రెండింటి మధ్య పట్టు వదులవుతుంది. ముందు రంగు మీద ఫైబర్ అంచు సన్నని గీతలా కనబడుతుంది, తర్వాత అక్కడ చీలిక వస్తుంది, చీలికలో నీళ్లు దిగుతాయి. దీనికి తోడు పాలిస్టర్ రెసిన్ గట్టిపడేటప్పుడు కొంత ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవడం ఒక్క రోజుతో ఆగదు. షెడ్డులో నున్నగా ఉన్నది నెల తర్వాత ఎండలో చూస్తే అతుకు తెలిసిపోయేది ఇందుకే.

అట్లాగని ఫైబర్‌గ్లాస్ చెడ్డ సరుకు కాదు. 1953లో వచ్చిన షెవర్లే కార్వెట్ బాడీ మొత్తం ఫైబర్‌గ్లాసే. మన పక్కనే బెంగళూరులో తయారైన సిపానీ డాల్ఫిన్ బాడీ కూడా ఫైబర్‌గ్లాసే. బాడీ అంతా ఒకే సరుకైతే అన్నీ కలిసి సాగుతాయి, కలిసి ముడుచుకుంటాయి, తుప్పు అనే మాటే ఉండదు. ఇబ్బంది అంతా ఇనుప రేకుకు ఫైబర్ అతుకు వేయడంలోనే.

ఇప్పుడు మీ భయం సంగతి. వెల్డింగ్‌తో రేకు అలలు తేలడం నిజమే. ఆ భయాన్ని కొట్టిపారేయను, ఎందుకంటే నా చేతిలోనే జరిగింది. పని నేర్చుకునే రోజుల్లో ఒక ఓమ్ని వ్యానుకు పక్క రేకు అతకమని మా ఉస్తాద్ ఇచ్చారు. ఆయన నమాజుకు వెళ్లి వచ్చేలోగా పూర్తి చేసి చూపించాలని, గ్యాస్ వెల్డింగుతో ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే గీత లాగేశాను. చల్లారేసరికి మంచం మీద దుప్పటి ముడుచుకున్నట్టు అయింది ఆ రేకు. ఆయన తిట్టలేదు. "రేకుకు జ్వరం రానీయొద్దురా" అన్నారు, అంతే. ఆ ప్యానెల్ మొత్తం మార్చాల్సి వచ్చింది, ఆ ఖర్చు ఆయనే పెట్టుకున్నారు. ఈ రోజుకీ వెల్డింగ్ టార్చ్ చేతపట్టిన ప్రతిసారీ ఆ మాట గుర్తొస్తుంది.

జరిగేదేమిటంటే, కారు పై రేకు మందం ముప్పావు మిల్లీమీటరుకు అటూఇటూ ఉంటుంది. ఒకచోట ఎర్రగా కాల్చితే అక్కడి ఇనుము సాగాలని చూస్తుంది, చుట్టూ ఉన్న చల్లని రేకు సాగనివ్వదు. దాంతో అది తనలోకి తానే నొక్కుకుని మందమవుతుంది. చల్లారినప్పుడు ముందున్న కొలత కంటే కురచై, చుట్టుపక్కల రేకును తనవైపు లాగుతుంది. ఆ లాగుడే అల. గ్యాస్ మంట వెడల్పుగా కాలుస్తుంది కాబట్టి అల ఎక్కువ. మిగ్ వెల్డింగ్, అంటే మన దగ్గర సీఓటూ అని పిలిచేది, చిన్న చుక్క మీదే కాలుస్తుంది కాబట్టి తక్కువ. పై రేకుకు గ్యాస్ వెల్డింగ్, రాడ్డుతో చేసే ఆర్క్ వెల్డింగ్ రెండూ వద్దు. మిగ్ ఉన్న షెడ్డుకే పోండి. మిగ్ మిషన్‌లో కరిగే తీగ 0.6 మిల్లీమీటర్లదైతే మేలు, 0.8తో కూడా చేయి తిరిగినవాళ్లు బాగా చేస్తారు. ఒక్క సీఓటూ గ్యాసు కంటే ఆర్గాన్ కలిపిన గ్యాసుతో పలచని రేకు మీద పని మెత్తగా నడుస్తుంది.

చక్రం పైన అతుకు ఇట్లా వేయాలి. తుప్పు రేకును గట్టి రేకు తగిలేదాకా కోసేయాలి. ఇక్కడ కొందరు పిసినారితనం చూపిస్తారు, రంధ్రాలు పడ్డ అంచునే పట్టుకుని అతుకుతారు. అది నిలవదు. కోసిన తర్వాత లోపలి పొరను చూసి, తుప్పు గీకి, జింక్ ప్రైమర్ కొట్టాలి. కొత్త రేకు పాతదాని మందమే ఉండాలి. గుజిరీలో దొరికే అదే మోడల్ బండి ప్యానెల్ నుంచి కోసుకుంటే వంపు కూడా సరిగ్గా సరిపోతుంది. ముక్కను అంచుకు అంచు ఆనేట్టు కూర్చోబెట్టి, మధ్యలో తీగ మందమంత సందు వదలాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కించి వెల్డు చేయడం సులువే గానీ, ఆ రెండు రేకుల మధ్య మళ్లీ నీరు నిలుస్తుంది. తప్పనిసరై ఎక్కిస్తే వెనకవైపు సందు మూసే సీమ్ సీలర్ పూయకుండా వదలొద్దు.

తర్వాత వెల్డు చుక్కలు. ఒక చుక్క ఈ మూల, ఒకటి ఎదుటి మూల, తర్వాత మధ్యలో. చేయి పెడితే కాలనంత చల్లారాకే ఆ పక్కన ఇంకో చుక్క. తొందరపడి తడిగుడ్డ పెట్టొద్దు, అదాటున చల్లారితే రేకు ఇంకా గట్టిగా లాగుతుంది. చుక్కలన్నీ కలిసి గీత కావడానికి మీ అతుకుకు ఒకటిన్నర, రెండు గంటలు పట్టవచ్చు. ఇరవై నిమిషాల్లో ముగించేవాళ్ల పని నాకు నమ్మకం లేదు. మధ్య మధ్యలో వెనక డోలీ ఆనించి వెల్డు మీద సుత్తితో మెల్లగా కొడుతూ పోవాలి. కురచైన ఇనుము ఆ దెబ్బలకు మళ్లీ సాగి అల సర్దుకుంటుంది. చక్రం పైన రేకుకు వంపు ఉంటుంది కాబట్టి అల అంతగా రాదు. బానెట్, టాపు, డోరు నడుమ లాంటి చదునైన చోట్లే జాగ్రత్త. అక్కడైతే నేను అతుకును నడిబొడ్డున వేయకుండా, బాడీ మీద ఉండే మడత గీత దగ్గరికో అంచు దగ్గరికో జరుపుకుంటాను.

బీడింగ్ బొక్కలు దీనికంటే చాలా సులువు. వెనక రాగి పలక ఆనించి, ముందు నుంచి ఒక్క చుక్క వేస్తే బొక్క నిండిపోతుంది. ఉక్కు తీగ రాగికి అంటుకోదు. పైగా రాగి ఆ వేడిని తాగేస్తుంది. పాత ఫ్రిజ్ రాగి పైపును సుత్తితో సాపు చేస్తే మంచి పలక అవుతుంది. బొక్క చిటికెన వేలు పట్టేంత పెద్దదైతే ఒక్క చుక్కతో నింపొద్దు, రేకు నుంచి చిన్న బిళ్ల కోసి అతకాలి. పదిహేను బొక్కలనూ వరసగా వేయకుండా ఒకటి ఈ డోరుకు, ఒకటి ఆ డోరుకు, ఒకటి డిక్కీకి అని తిరుగుతూ వేయించండి. గ్రైండింగ్ కూడా అంతే. ఒకేచోట నొక్కి పట్టుకుంటే ఆ వేడికే రేకు తేలుతుంది, పలచబడుతుంది.

డోరు సొట్టకు ట్రిమ్ విప్పితే వెనక చేయి పోతుంది. చేయి పోని చోట వాషర్ అతికించి లాగే మిషన్ ఉంటుంది. ముందు సొట్ట అంచు, తర్వాత నడుమ. మొదట పడిన దెబ్బ నడుమే కాబట్టి చాలామంది అక్కడే కొట్టి రేకును సాగదీస్తారు. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. పుట్టీ మీద నీళ్లతో రుద్దే గరుకు పేపర్ పట్టనివ్వకండి. పుట్టీ స్పాంజి లాంటిది, నీరు తాగుతుంది. ఆ నీరు రంగు కింద చిక్కుకుని ఏడాదిలోపే బుడగలు లేస్తాయి. పొడి పేపర్‌తోనే రుద్దించండి, దుమ్ము లేస్తుందని వాళ్లు గొణిగినా సరే. వెల్డు చేసిన చోట బట్టబయలు రేకును ఒక్క రాత్రి కూడా వదలకుండా ఎపాక్సీ ప్రైమర్ కొట్టించండి. వెనకవైపు క్యావిటీ వ్యాక్స్ (రేకు లోపలి బోలులో పట్టే మైనం) స్ప్రే చేయించండి. వెనక వేడికి కాలిన రంగు అట్లాగే వదిలితే, ముందు ఎంత బాగా చేసినా తుప్పు అక్కడే మళ్లీ మొదలవుతుంది.

ఫైబర్ నేనిప్పుడూ వేస్తాను. జీపుల ఫైబర్ టాపులకు, ఫైబర్‌తోనే చేసిన బస్సు, లారీ భాగాలకు, స్పాయిలర్లకు అదే సరైనది. ఇప్పటి కార్ల బంపర్లు మాత్రం ఎక్కువగా ప్లాస్టిక్‌వి, వాటికి పాలిస్టర్ రెసిన్ పట్టదు. ఆరు నెలల్లో అమ్మేసే బండికి, బరువు మోయని చిన్న చోట, చేతిలో డబ్బు లేనప్పుడు వేయమంటే వేస్తాను, కానీ ఎన్నాళ్లుంటుందో ముందే చెబుతాను, కొనేవాళ్లకు కూడా చెప్పమంటాను. ఇనుము మీద వేయక తప్పకపోతే పాలిస్టర్ కంటే ఎపాక్సీ రెసిన్ గట్టిగా పడుతుంది. దానికి నేసిన గుడ్డ వాడాలి, మామూలు మ్యాట్ ఎపాక్సీలో సరిగ్గా నానదు. రన్నింగ్ బోర్డు, ఫ్లోరు, పిల్లర్లు, సీటు బెల్టు బిగించే చోటు, ముందు సస్పెన్షన్ కూర్చునే చోటు, ఇక్కడ మాత్రం ఎవరు ఎంత ఇచ్చినా ఫైబర్ వేయను. మారుతి 800కు వేరే ఛాసిస్ లేదు, ఆ రేకులే బండి బరువు మోస్తాయి.

సొంతంగా ఇంట్లో ఫైబర్ వేసుకునేవాళ్లకు ఒక మాట. పాలిస్టర్ రెసిన్‌లో కలిపే కోబాల్టును (గట్టిపడటాన్ని తొందరపెట్టే మందు), హార్డనర్‌ను (గట్టిపరిచే మందు) ఎప్పుడూ ఒకదానితో ఒకటి నేరుగా కలపకండి, మంట లేస్తుంది, పేలవచ్చు కూడా. ముందు కోబాల్టు రెసిన్‌లో పూర్తిగా కలవాలి, ఆ తర్వాతే హార్డనర్. అదీ నూటికి ఒకటి రెండు వంతులే. ఎండాకాలం మధ్యాహ్నం కలిపితే బ్రష్ ముంచేలోపే గడ్డకడుతుంది, తెల్లవారుజామున చేసుకోండి. రుద్దేటప్పుడు మాస్కు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. ఆ గాజు పొడి ఊపిరిలోకి పోకూడదు.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగ తీయించండి. పని చేసే చోట మ్యాట్లు, సీట్లు, లోపలి ఫెల్టు అన్నీ బయట పెట్టించండి. మీ పని వెనక చక్రం దగ్గర, పెట్రోలు ట్యాంకు, దానికి పోయే పైపు అటే ఉంటాయి. ట్యాంకు దించకుండా అక్కడ వెల్డింగ్ టార్చ్ పెట్టనివ్వకండి. ఒకసారి నా షెడ్డులోనే, వెల్డు బయట జరుగుతుంటే లోపల రేకుకు అంటించిన తారు షీటు నిప్పు పట్టుకుంది. పక్కన బకెట్ నీళ్లు ఉండబట్టి బండి దక్కింది. అప్పటి నుంచి లోపల ఒక మనిషిని కూర్చోబెట్టకుండా వెల్డింగ్ మొదలుపెట్టను. నిప్పురవ్వలు అద్దాల మీద పడితే మచ్చలు పడతాయి, పోవు. వాటి మీద తడి గోనెపట్ట కప్పించండి.

మేస్త్రీని ఎంచుకునేటప్పుడు పాత రేకు ముక్క మీద ఒక జానెడు అతుకు వేసి చూపించమని అడగండి. పని తెలిసిన మనిషి దానికి చిన్నబుచ్చుకోడు. చల్లారాక ఆ ముక్కను బల్ల మీద పెట్టి చూడండి, ఎంత వంగిందో కనబడుతుంది. మంచి మిగ్ మేస్త్రీ దొరకకపోతే చెడ్డ వెల్డింగ్ చేయించుకోకండి. మనిషి దొరికేదాకా తుప్పు మీద ప్రైమర్ కొట్టి ఆగండి, లేదా బండిని కర్నూలుకో బెంగళూరుకో తీసుకుపోండి. రెండు నెలలు ఆగినంత మాత్రాన మీ బండికి వచ్చే నష్టం తక్కువే.

ఈ లోపల వెనక సీటు, పక్క ట్రిమ్ విప్పి చక్రం పైన లోపలి రేకు ఫొటోలు తీసి పెట్టండి, టార్చి వెలుతురు పడేట్టు. బయటి పొర ఒక్కటే పోయిందా, లోపలిది కూడా పోయిందా చూడాలి. లోపలిది కూడా పోయి ఉంటే దాన్ని ముందు కట్టుకుని రావాలి, అప్పుడు పని వరస నేను పైన చెప్పినట్టు ఉండదు. ఫొటోలు చూశాక ఆ వరస రాస్తాను.